తెలుగు కథాసాహిత్యములో సంపన్నవాడలు

నగరములలోని ధనిక నివాస ప్రాంతములలో బయటివారికి కనిపించకుండా సాగే జీవితములను వస్తువుగా తీసుకొన్న కథలు, నవలలు తెలుగు సాహిత్యములో ఒక ప్రత్యేకమైన పాయగా ఉన్నవి. మేడల లోపలి ఒంటరితనము, దాచిపెట్టిన గతము, గౌరవము కొరకు మూసిపెట్టిన దుఃఖము, ఆ మేడలలో పనిచేయువారి జీవనము ఈ రచనలలో ప్రధానముగా కనిపిస్తాయి. ఈ పాయకు విడిగా ఒక ఉద్యమముగాని, సంఘముగాని లేదు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరముల నుండి వేర్వేరు రచయితలు వేర్వేరు ఉద్దేశ్యములతో వ్రాసిన రచనలను కలిపి చూసినప్పుడు ఇది స్పష్టమగును.

తెలుగు సినీ పరిశ్రమకు నిలయమైన హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములు, వాటి దిగువన ఉన్న మధురానగర్, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వంటి కాలనీలు ఈ వస్తువునకు నేటి ముఖ్య భూమిక. అంతకుముందు ఆ స్థానము మద్రాసులోని సినీ వాడలకు, హైదరాబాదు పాతబస్తీలోని దేవిడీలకు ఉండేది.

పరిధి

ఆంగ్ల సాహిత్యములో నగర శివార్లలోని సంపన్నుల రహస్య జీవితమును చిత్రించిన కథకులలో అమెరికా రచయిత జాన్ చీవర్ (1912-1982) ప్రసిద్ధుడు. 1947లో వెలువడిన 'ది ఎనార్మస్ రేడియో' కథలో ఒక దంపతులు కొనుక్కొన్న రేడియోలో పాటలకు బదులు ఇరుగుపొరుగు ఫ్లాట్లలోని మాటలు వినిపిస్తాయి. గౌరవనీయులుగా కనిపించిన వారందరి ఇండ్లలోను అప్పులు, తగవులు, భయములు ఉన్నట్లు ఆ ఇల్లాలికి తెలుస్తుంది. చివరకు ఆమె స్వంత ఇంటి రహస్యములు కూడా బయటకు వస్తాయి. 1964లో వచ్చిన 'ది స్విమ్మర్' కథలో నాయకుడు ఇరుగుపొరుగు వారి ఈతకొలనులను ఒకదాని తరువాత ఒకటి ఈదుకొంటూ ఇల్లు చేరుకొంటాడు. అక్కడ ఇల్లు తాళము వేసి, ఖాళీగా ఉంటుంది.

అమెరికాలో ధనికులు, ఎగువ మధ్యతరగతివారు పెద్ద సంఖ్యలో నగరము విడిచి శివార్లకు పోయిరి. తెలుగు నగరములలో పరిస్థితి కొంత వేరు. ఇక్కడ సంపన్నుల కాలనీ నగరము అంచున ఏర్పడినను, కొద్ది సంవత్సరములకే నగరము పెరిగి దానిని చుట్టివేయును. పేదల బస్తీ ఆ కాలనీకి దూరముగా కాక దాని ప్రహరీ గోడ ప్రక్కనే ఉండును. కనుక తెలుగు కథలో సంపన్నుని రహస్యము పొరుగు సంపన్నునికంటె ముందుగా వంటమనిషికి, డ్రైవరుకు, పనిమనిషికి తెలియును. ఈ భేదము తెలుగు కథల నిర్మాణముపై చాలా ప్రభావము చూపినది.

స్థల నేపథ్యము

తెలుగు చలనచిత్ర నిర్మాణము చాలాకాలము మద్రాసు కేంద్రముగా జరిగినది. స్టూడియోలు కోడంబాకము, వడపళని ప్రాంతములలో ఉండగా, నటీనటులు, నిర్మాతలు అనేకులు త్యాగరాయనగర్ పరిసరములలో నివసించేవారు. తెలుగు రచయితలు పలువురు పత్రికలలోను, సినిమాలలోను పనిచేయుటకు అక్కడకే చేరిరి. 'చందమామ' బాధ్యతలను 1952 నుండి 1980లో మరణించువరకు నిర్వహించిన కొడవటిగంటి కుటుంబరావు, చిత్ర రచయితలుగా పనిచేసిన పాలగుమ్మి పద్మరాజు, ముళ్ళపూడి వెంకటరమణ అట్టివారే. ఆ విధముగా సినీ లోకము, కథకుల లోకము ఒకే నగరములో ప్రక్కప్రక్కనే మెలగినవి.

హైదరాబాదులో చిత్రనిర్మాణమునకు తొలి స్థావరము అమీర్‌పేటలోని సారథి స్టూడియో. మధురానగర్ దీనికి సమీపములోనే ఉన్నది. 1959లో విడుదలైన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాదులో నిర్మించబడిన తొలి తెలుగు చిత్రముగా పేరు పొందినది. అక్కినేని నాగేశ్వరరావు 1960వ దశకములో హైదరాబాదుకు తరలివచ్చి, 1976లో అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించెను. తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు కూడ ఈ కొండప్రాంతములోనే వెలసినవి. ప్రభుత్వ ప్రోత్సాహకములు తోడై, 1990ల నాటికి పరిశ్రమలో అధికభాగము మద్రాసు నుండి హైదరాబాదుకు మారినది.

జూబ్లీహిల్స్ ఒకప్పుడు పెద్ద పెద్ద గ్రానైటు బండలతో, పొదలతో నిండిన గుట్టల ప్రదేశము. ఐ.ఎ.ఎస్. అధికారి చల్లగళ్ల నరసింహారావు చొరవతో ఏర్పడిన సహకార గృహనిర్మాణ సంఘము ద్వారా ఇక్కడ ఇళ్ళస్థలములు రూపొందినవి. సినీ పరిశ్రమవారి నివాసముల కొరకు దీని ప్రక్కన ఫిల్మ్ నగర్ ఏర్పడినది. ఇక్కడి వీధులు పేర్లతో కాక అంకెలతో ప్రసిద్ధి చెందినవి. రోడ్ నంబరు 36, రోడ్ నంబరు 45 అని చెప్పినచో హోదా తెలిసిపోవును. ఫిల్మ్ నగర్ కొండవాలు మీదనే పేదల బస్తీలు కూడ ఉన్నవి.

కొండ దిగువన గల కృష్ణానగర్, ఇందిరానగర్ జూనియర్ ఆర్టిస్టులకు, సహాయ దర్శకులకు, లైట్‌బాయ్‌లకు, అవకాశముల కొరకు పల్లెల నుండి వచ్చిన యువతీయువకులకు నివాసములు. సినిమా మీద ఆశతో గదులలో కాలము గడుపువారి జీవితము ఆధారముగా పూరి జగన్నాథ్ 2008లో 'నేనింతే' చిత్రమును తీసెను. మధురానగర్ ఈ రెండు లోకముల నడుమ ఉన్న మధ్యతరగతి కాలనీ. 2019లో అమీర్‌పేట నుండి హైటెక్ సిటీ వైపు మెట్రో రైలు మార్గము తెరువబడిన తరువాత, మధురానగర్ స్టేషను నుండి యూసుఫ్‌గూడ, రోడ్ నంబరు 5 స్టేషనులను దాటి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చేరుటకు కొద్ది నిమిషములే పట్టుచున్నది. దూరము ఇంత తక్కువైనను, ఆ స్టేషనుల నడుమ జీవన స్థాయిలో గల అంతరము మాత్రము తగ్గలేదు. ఈ వస్తువుతో వచ్చిన కథలకు ఈ అంతరమే మూలము.

తొలి రచనలు

ఆధునిక తెలుగు కథ ప్రారంభమే ఒక చదువుకొన్న గృహస్థుని రహస్య జీవితముతో ముడిపడి ఉన్నది. గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' కథ 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో ప్రచురించబడినది. ఇందులోని గోపాలరావు ఆంగ్ల విద్య నేర్చినవాడు, సంస్కరణ భావములు గలవాడు. అయినను వేశ్య ఇంట సానిపాటకు పోయి అర్ధరాత్రి దాటిన తరువాత ఇల్లు చేరుతాడు. భార్య కమలిని కనిపించదు. ఒక లేఖ మాత్రము దొరుకుతుంది. సేవకుడు రామునికి యజమాని రాకపోకలు అన్నియు తెలుసు. బయట సంస్కర్త, లోపల మరొక మనిషి. ఈ ద్వంద్వమును ఎరిగిన భార్య, సేవకుడు. నిజమును బయటపెట్టు లేఖ. తరువాతి కథలలో పదేపదే వచ్చు ఈ అంశములన్నియు ఆ చిన్న కథలోనే ఉన్నవి.

పాలగుమ్మి పద్మరాజు వ్రాసిన 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందినది. ఇందులోని రావుగారు సంపన్నుడు, నియమబద్ధుడు, జీవితమునకు సిద్ధాంతములు ఏర్పరచుకొన్నవాడు. తుపాను రాత్రి ఒక రైల్వే స్టేషనులో ముష్టి స్త్రీతో చిక్కుకొన్నప్పుడు ఆ నియమములన్నియు కూలిపోతాయి. తనలో ఉన్న భయము, తోడు కొరకు ఆరాటము ఆయనకు అప్పుడే తెలుస్తాయి. ఇక్కడ దాగియున్నది ఇతరులకు తెలియని తప్పు కాదు, తనకే తెలియని తన స్వరూపము. తుపాను లేనిదే అది బయటకు రాదు.

బుచ్చిబాబు 'నన్ను గురించి కథ వ్రాయవూ?' కథలో కుముదము అనే సాధారణ గృహిణి తన గురించి వ్రాయమని కథకుని అడుగుతుంది. ఆమె జీవితములో కథకు తగిన సంఘటన ఏదియు లేదని మొదట అనిపించును. పైకి ఏమియు జరగని జీవితమునకు లోపల ఒక కథ ఉండునని ఈ రచన చూపినది.

హైదరాబాదు సంపన్న కుటుంబముల లోపలి జీవితమును తెలుగు కథలోనికి తెచ్చినవారిలో నెల్లూరి కేశవస్వామి ముఖ్యుడు. 1981లో వెలువడిన ఆయన కథాసంపుటి 'చార్మినార్'లో నిజాము పాలన చివరి కాలములోను, ఆ తరువాతను పాతనగరములోని ముస్లిము కులీన కుటుంబముల సంబంధములు, ప్రేమలు, పతనము చిత్రించబడినవి. హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసిన 1948 నాటి పరిణామములు 'యుగాంతం' కథకు నేపథ్యము. ఎత్తైన గోడల వెనుక ఉన్న దేవిడీల నుండి కొండమీది బంగళాలకు సంపద చిరునామా మారినది గాని, గోడలు మాత్రము పోలేదు. ఈ కారణముగా 'చార్మినార్' కథలను నేటి జూబ్లీహిల్స్‌ను అర్థము చేసుకొనుటకు కూడ చదువవచ్చును.

మేడ ఒక కలగా

1960ల నుండి వారపత్రికలు, మాసపత్రికలు విస్తరించి, ధారావాహిక నవలలకు పెద్ద పాఠకలోకము ఏర్పడినది. ఈ కాలములో యద్దనపూడి సులోచనారాణి (మరణము 2018) రచనలు ధనికుల ఇంటిని మధ్యతరగతి యువతి కలగా మలచినవి. 'సెక్రటరీ' నవలలో జయంతి మధ్యతరగతి ఉద్యోగిని, రాజశేఖరం ధనికుడైన నాయకుడు. ఈ నవల అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ ప్రధాన పాత్రధారులుగా 1976లో చలనచిత్రముగా వచ్చినది. కారు, తోట, విశాలమైన మెట్లు గల మేడ ఈ నవలల ప్రభావముతో తరువాతి సినిమాలలో స్థిరపడిన దృశ్యములైనవి.

అయితే ఈ నవలలలో కూడ లోపలి చీకటి లేకపోలేదు. 'సెక్రటరీ'లో సంపన్న స్త్రీల క్లబ్బు అయిన వనితా విహార్‌లోని పోటీలు, అసూయలు కనిపిస్తాయి. 'మీనా' నవలలో ధనికురాలైన తల్లి ఆజ్ఞల క్రింద ఊపిరాడని కుమార్తె మీనా పల్లెకు పోయిన తరువాత గాని తన ఇష్టములు తాను తెలుసుకొనలేదు. ఇది 1973లో విజయనిర్మల దర్శకత్వములో చిత్రముగా వచ్చినది. ఇట్టి నవలలలో కష్టము సాధారణముగా ఒక అపార్థముగా, అహంకారముగా చూపబడి, చివరకు తొలగిపోవును. కథానికలో అట్లు కాదు. అక్కడ కష్టము ఆ ఇంటి నిర్మాణములోనే ఉండును గనుక వివాహముతోనో, క్షమాపణతోనో ముగియదు. ధారావాహిక నవలకు, కథానికకు మధ్య గల ప్రధాన భేదములలో ఇది ఒకటి.

సినీ లోకము

సినీ ప్రముఖుల జీవితము అందరికీ కనిపించు జీవితము. అయినను అందులో దాచవలసినదియు ఎక్కువే. ఈ వైరుధ్యమును తెలుగు రచయితలు రెండు విధములుగా పట్టుకొనిరి.

మొదటిది హాస్యము. పత్రికా రచయితగా సినిమా వార్తలు వ్రాసి, తరువాత తానే చిత్ర రచయిత అయిన ముళ్ళపూడి వెంకటరమణ 'విక్రమార్కుని మార్కు సింహాసనం'లో పాత జానపద కథల చట్రమును తీసుకొని చిత్రరంగములోని డాంబికములను ఎగతాళి చేసెను.

రెండవది విషాదము. దీనికి ప్రధాన ఉదాహరణ రావూరి భరద్వాజ (1927-2013) వ్రాసిన 'పాకుడురాళ్ళు' నవల. ఇది 'కృష్ణాపత్రిక'లో ధారావాహికగా వచ్చి 1978లో పుస్తకముగా వెలువడినది. దీనికి రచయిత మొదట పెట్టిన పేరు 'మాయ జలతారు'. 'పాకుడురాళ్ళు' అను పేరును సూచించినవారు రచయిత, చిత్రకారుడు శీలా వీర్రాజు. నాటకములలో వేషములు వేసే మంగమ్మ అనే పేద యువతి మంజరి అను పేరుతో అగ్రశ్రేణి తార అగుట ఇందలి ఇతివృత్తము. ఎక్కుటకు ఆధారమైన ప్రతి రాయి జారుడుగా ఉండుట పేరులోని భావము. మంజరిని రచయిత అమాయకురాలిగా గాని, దోషిగా గాని చూపలేదు. ఆమెను వాడుకొన్నవారు ఉన్నారు, ఆమె వాడుకొన్నవారును ఉన్నారు. పేరు, ఇల్లు, చుట్టములు, స్నేహములు అన్నియు వ్యాపారముగా మారిన చోట స్వంతమనునది ఏమి మిగులును అను ప్రశ్న నవల అంతట ఉన్నది.

భరద్వాజకు 2012 సంవత్సరమునకు గాను జ్ఞానపీఠ పురస్కారము 2013లో ప్రకటించబడినది. విశ్వనాథ సత్యనారాయణ, సి.నారాయణరెడ్డి తరువాత ఈ పురస్కారము పొందిన మూడవ తెలుగు రచయిత ఆయనే. ఆ సందర్భమున ఈ నవల విశేషముగా ప్రస్తావించబడినది. పెద్ద చదువులు లేక, కూలిపనులు కూడ చేసి, తరువాత హైదరాబాదు ఆకాశవాణిలో పనిచేసిన రచయిత తారల జీవితమును వ్రాసినాడు. పేదరికమును స్వయముగా ఎరిగినవాడగుటచే మంజరి సంపదను ఆయన అసూయతో కాక, దాని వెనుక ఉన్న భయముతో సహా చూడగలిగెను.

దర్శకుడు వంశీ వ్రాసిన 'మహల్లో కోకిల' నవల ఆధారముగా 1984లో 'సితార' చిత్రము వచ్చినది. శిథిలమగుచున్న మహలులో ఆంక్షల నడుమ పెరిగిన యువతి ప్రసిద్ధ నటి అగుట, ఆమె దాచుకొన్న గతము ఆమెను వెంటాడుట ఇందులోని కథ. ఇక్కడ రెండు గోడలు ఉన్నవి. మొదటిది జమీందారీ కుటుంబ ప్రతిష్ఠ, రెండవది సినీ కీర్తి. మొదటి గోడను దాటి వచ్చిన స్త్రీ రెండవ గోడలో మరల బందీ అగును.

ఇంటి లోపలి స్త్రీ

1970ల నుండి స్త్రీల దృష్టికోణములో వ్రాయబడిన కథలు ఈ వస్తువును మలుపు త్రిప్పినవి. అంతకుముందు రహస్యము అనగా ఎక్కువగా పురుషుని అక్రమ సంబంధమో, కుటుంబము దాచిన కళంకమో. ఈ కథలలో సుఖముగా ఉన్నదని అందరు అనుకొను ఇల్లాలి అలసటయే రహస్యమైనది.

అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకులు' కథలో నగరములో ఉద్యోగము చేసుకొను చెల్లెలి ఇంటికి పల్లె నుండి అక్క వచ్చును. కుండీలలో కురచగా పెంచిన బోన్సాయ్ మొక్కలను చూసి, స్త్రీల జీవితము కూడ అట్లే కత్తిరింపబడినదని ఆమె గ్రహిస్తుంది. అలంకరణ వస్తువులో దాగిన బాధను ఇంటివారు గాక, బయటి నుండి వచ్చిన మనిషి గుర్తించుట గమనింపదగినది. 'సుఖాంతం' కథలోని ఇల్లాలికి జీవితమంతయు కంటినిండ నిద్ర కరవు. ఆమె కోరినది అంతకంటె ఎక్కువ కాదు. ఛాయాదేవి 'తన మార్గం' కథాసంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

పి.సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇంటిపనిలో మునిగిన గృహిణి తన పేరు తానే మరచిపోతుంది. ఇల్లు ఎంత మెరిసినచో ఆమె అంత మాయమగును. 'సూపర్ మామ్ సిండ్రోమ్'లో ఇంటిని అన్ని విధముల సమర్థముగా నడిపిన తల్లి చెల్లించిన మూల్యము వస్తువైనది. 'దమయంతి కూతురు' ఇల్లు విడిచిపోయిన తల్లి గురించి లోకము వేయు ప్రశ్నలను ఆమె కూతురు వైపు నుండి చూపును.

1991 ఆర్థిక సంస్కరణల తరువాత, 1998లో సైబర్ టవర్స్ ప్రారంభముతో హైదరాబాదు పశ్చిమ భాగములో కొత్త సంపన్న వర్గము ఏర్పడినది. కుప్పిలి పద్మ 'ముక్త', 'సాలభంజిక', 'మంచుపూలవాన' వంటి సంపుటులలో కార్పొరేటు ఉద్యోగములు, అపార్టుమెంటులు, వాయిదాల మీద కొన్న సుఖముల నడుమ స్త్రీపురుష సంబంధములలో వచ్చిన మార్పులను చిత్రించెను. మహమ్మద్ ఖదీర్ బాబు 'బియాండ్ కాఫీ' (2013) కథలు నగర జీవితములో బయటకు చెప్పుకొనలేని కోరికలను, ఒంటరితనమును, దాంపత్యములోని మౌనమును నేరుగా స్పృశించినవి. నెల్లూరు జిల్లా పేద ముస్లిము కుటుంబముల నేపథ్యములో 'దర్గామిట్ట కథలు' వ్రాసి పేరుపొందిన రచయిత ఈ వస్తువును ఎన్నుకొనుట విశేషము.

గేటు బయట

సంపన్నవాడ కథకు మరొక ముఖము గేటు బయట నిలిచినవారి వైపు నుండి కనిపించును. కాళీపట్నం రామారావు 'జీవధార' కథలో ఎండకాలము నీరు దొరకని పేదవాడ స్త్రీలు బిందెలతో ఒక ధనికుని ఇంటి గేటు వద్దకు పోదురు. ఒకవైపు తోటకు పారే నీరు, ఇంకొకవైపు త్రాగుటకు లేని నీరు. ఇక్కడ దాగినది ఒక కుటుంబపు రహస్యము కాదు. సంపద ఎవరికి ఏమి లేకుండ చేయుచున్నదో అదియే రహస్యము. గేటు దాటనంతవరకు అది కనిపించదు.

ఇంటిపని చేయువారు, కావలివారు, డ్రైవర్లు తెలుగు కథలో చాలాకాలము సాక్షులుగా మాత్రమే ఉండిరి. 'దిద్దుబాటు'లో రాముడు అంతయు ఎరిగినవాడు, కాని కథ అతనిది కాదు. క్రమముగా అట్టి పాత్రలకు స్వంత ఇల్లు, స్వంత బిడ్డలు, స్వంత రహస్యములు కలిగినవి. సంపన్నుని బిడ్డను ఎత్తుకొను ఆయాకు తన బిడ్డను చూసుకొను సమయము లేకపోవుట వంటి వాస్తవములు కథావస్తువులైనవి.

ప్రవాసములో

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి శివారు ఇల్లు దైనందిన వాస్తవము. పెద్ద ఇల్లు, రెండు కార్లు, గడ్డి కత్తిరించిన ముంగిలి విజయమునకు చిహ్నములు. అక్కడ పనిమనిషి, పొరుగింటి పిన్నిగారు ఉండరు గనుక సాక్షియే లేని ఒంటరితనము ఈ కథలలో కనిపించును. ఇట్టి జీవితమును చిత్రించిన రచనలలో నిడదవోలు మాలతి కథ 'నిజానికీ ఫెమినిజానికీ మధ్య', సత్యం మందపాటి 'అమెరికా బేతాళుడి కథలు' పేర్కొనదగినవి. వంగూరి ఫౌండేషన్ ప్రచురించిన 'అమెరికా తెలుగు కథానిక' సంకలనములలో అనేక ప్రవాస రచయితల కథలు చేరినవి.

దీని మరొక కొస హైదరాబాదులోనే ఉన్నది. పిల్లలు విదేశములలో స్థిరపడగా పెద్ద ఇండ్లలో వృద్ధ దంపతులు మిగిలిన కాలనీలు నగరములో అనేకము. ఫోను కొరకు ఎదురుచూచుట, పిల్లలు బాగున్నారని అందరికి చెప్పి తమ అనారోగ్యమును పిల్లలకు చెప్పకుండ దాచుట తెలుగు పత్రికల కథలలో తరచుగా కనిపించు వస్తువులు.

కథన పద్ధతులు

ఈ కథలలో రహస్యమును బయటపెట్టుటకు రచయితలు కొన్ని పద్ధతులను ఎక్కువగా వాడిరి.

సాక్షి: సేవకుడు, బంధువు లేదా అతిథి చూసిన దానిని బట్టి కథ తెలియును. సాక్షికి అంతయు తెలియదు గనుక మిగిలినది పాఠకుడు ఊహించుకొనవలెను.

వస్తువు: బోన్సాయ్ మొక్క, అలికిన ఇల్లు, మూసిన తలుపు వంటి ఒక సాధారణ వస్తువు మొత్తము జీవితమునకు గుర్తు అగును.

విపత్తు: తుపాను, జబ్బు, మరణము వంటివి రోజువారీ క్రమమును ఛేదించి, అణచిన దానిని బయటకు తెచ్చును.

మౌనము: కొన్ని కథలలో రహస్యము చివరివరకు ఉచ్చరింపబడదు. దంపతులు మాట్లాడుకొనని విషయమేమిటో పాఠకునికి మాత్రము తెలియును.

ప్రాముఖ్యత

సినీ ప్రముఖుల గురించి పత్రికలలో వచ్చు గుసగుసలకు, ఈ కథలకు మధ్య భేదము తెలుసుకొనుట అవసరము. గుసగుసకు వ్యక్తి పేరు కావలెను, కారణము అక్కరలేదు. కథకు కారణము కావలెను, పేరు అక్కరలేదు. 'పాకుడురాళ్ళు' చదివినవారు మంజరి ఏ నటియో ఊహించుటకు ప్రయత్నించినచో, అందులోని అసలు ప్రశ్నను విడిచిపెట్టినట్లగును. కల్పిత పాత్రకు పరువునష్టము లేదు గనుక, నిజ జీవితములో ఎవరును అంగీకరింపని విషయములను ఆమె ద్వారా చెప్పుట సాధ్యమైనది.

తెలుగు కథలలో పల్లె, రైతు, కరువు, ఉద్యమములు విస్తృతముగా చిత్రించబడినవి. సంపన్నుడు ఆ కథలలో ఎక్కువగా దోపిడీదారుగానే వచ్చెను. ఇది చాలావరకు సామాజిక వాస్తవమే. అయితే సంపన్నుల ఇంటిలోని బాధను చిత్రించుట సంపదను సమర్థించుట కాదని పై రచనలు చూపుచున్నవి. 'జీవధార'లో గేటు బయట నిలిచిన స్త్రీకి, 'సుఖాంతం'లో గేటు లోపల నిద్రలేని స్త్రీకి అవసరములు ఒకటి కావు. మొదటి ఆమెకు నీరు లేదు, రెండవ ఆమెకు విశ్రాంతి లేదు. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన ఉంచి చదివినప్పుడు ఒక ఇంటి గౌరవమునకు లోపల ఎవరు, బయట ఎవరు మూల్యము చెల్లించుచున్నారో బోధపడును.

ఈ రచనలలో చాలా భాగము మొదట పత్రికలలో వచ్చినవే. పత్రికల పాత సంచికలు కాలక్రమమున దొరకకుండ పోవుచున్నందున, తెలుగు కథలను ఒకచోట భద్రపరచుటకు కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళములో కథానిలయమును స్థాపించెను. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వములో 1990 నుండి వెలువడిన 'కథ' వార్షిక సంకలనములు తరువాతి కాలపు నగర కథలను తెలుసుకొనుటకు ఉపకరించును.